వడ్ల కాడ బ్రేకు

అది 2024 డిసెంబరు. కేసీ కాలువ కింద వరికోతలు జోరుమీదున్నాయి. నంద్యాలలో నాది కార్లకు సామాన్లు బిగించే అంగడి. సీటు కవర్లూ స్పీకర్లూ అమ్ముతాను గానీ, నా ప్రాణమంతా ట్రాకర్ల మీదే. అగ్గిపెట్టెంత డబ్బా అది. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు అని ఉంటుంది, మెకానిక్‌లు బండి లోపాలు చూసుకునే ప్లగ్గు. అందులో గుచ్చితే చాలు, బండి ఎక్కడుంది, ఎంత వేగంగా పోతోంది, ఎప్పుడు బ్రేకు పడింది, అంతా ఫోన్‌లోకి వచ్చేస్తుంది. అది చూపించేటప్పుడు నాకు తెలియకుండానే నా గొంతు లేస్తుంది. "మెల్లగా చెప్పు బాషా, మాకేం చెవుడు లేదు" అని ఎంతమంది అన్నారో!

ఆ అక్టోబరులో ఆళ్లగడ్డ సుంకిరెడ్డి కారుకు ఒకటి బిగించాను. మోకాలి ఆపరేషన్ అయ్యి ఆయన ఇల్లు కదలడం లేదు. పొలమేమో దొర్నిపాడు దగ్గర. మనుషులనూ, వాళ్లకు అన్నం క్యారియర్లనూ రోజూ కారులో చేరవేసేది డ్రైవర్ దానియేలు. రెడ్డికి పొద్దుపోవాలి కదా, మంచం మీద నుంచే ఫోన్‌లో కారును చూస్తూ కూర్చునేవాడు.

డిసెంబరులో ఒకరోజు ఫోన్ చేశాడు.

"బాషా, ఈ నెల దానియేలుకు ముప్పైరెండు మార్కులు. వానికేదో పొగరెక్కింది. రిపోర్టు తీసుకొని రా. వాన్ని పనిలోంచి నిలిపేస్తాండా."

డ్రైవర్ స్కోరు అంటే నడిపే తీరుకు వందకు ఇన్ని అని యాప్ ఇచ్చే మార్కులు. వేగం మితిమీరినా, ఉన్నట్టుండి బ్రేకు తొక్కినా కోత పడుతుంది. అలాంటి బ్రేకును హార్ష్ బ్రేకింగ్ అంటారు. దానియేలు ఆ ఇంట్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. నా డబ్బా వల్ల ఒకడి పని పోతోంది. వెంటనే బైకెక్కాను.

రెడ్డి ఇంటి ముందు కారు దగ్గర దానియేలు ఒక్కడే ఉన్నాడు. "ఏందప్పా, నా మార్కులు కొలిచేకి వచ్చినావా?" అన్నాడు. "ఈ మార్కుతో బయటికి పంపిస్తే ఈ ఊర్లో నాకెవురు తాళాలిస్తారు? బండి సరిగా తోలలేడని పేరు పడితే మళ్లీ పోతుందా?"

డబ్బా వదులుగా ఉంటే గుంతలో పడిన ప్రతిసారీ తప్పు రాసుకుంటుంది. అదే అయ్యుంటుందని ఆశగా చూశాను. గట్టిగానే ఉంది. ఇక లాభం లేదని క్యారియర్లతో పాటు నేనూ కారెక్కాను.

దొర్నిపాడు దారిలో పెళ్లికూతుర్ని తీసుకుపోతున్నంత నిదానంగా నడిపాడు. ఇతనికా ముప్పైరెండు అనుకుంటుండగానే వంపు తిరిగాం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టర్ వస్తోంది. దానియేలు కాలు బలంగా దిగింది. నా నుదురు డాష్‌బోర్డుకు తగలబోయింది. చేతిలో ఫోన్ టంగుమంది: హార్ష్ బ్రేకింగ్.

"ఒక పక్క టైరు వడ్ల మీద ఎక్కించి పోరాదా?" అన్నాను.

నా వైపు అదోలా చూశాడు. "ఎట్ల ఎక్కిస్తావప్పా? టైరెక్కితే గింజంతా నూకైపోతాది. రేపు మిల్లులో ఎవురు తీసుకుంటారు?"

"మరి ముందే చూసుకోవచ్చు గదా!"

"నిన్న ఈడ వడ్లు ల్యావు. ఈ పొద్దు పోసినారు. రేపు యాడ పోస్తారో వాళ్లకే తెలీదు."

నా బుర్రలో దీపం వెలిగింది. ఫోన్‌లో మ్యాపు తెరిచాను. బ్రేకు పడిన ప్రతిచోటా అది ఎర్రచుక్క పెడుతుంది. "ఆపు, ఆపు!" అని ప్రతి చుక్క దగ్గరా కారు దిగి చూశాను. వడ్లు, లేదా నిన్నటిదాకా వడ్లున్న గుర్తు! కోతలు మొదలుకాక ముందు, అక్టోబరు స్కోరు తీశాను. ఎనభై ఆరు! రోడ్డు మీదే దానియేలును వాటేసుకున్నాను. వడ్లు తిరగేస్తున్న ఆడవాళ్లు పనాపి మరీ నవ్వారు.

చుక్కలన్నీ గుంపుగా పడిన చోటొకటి కనిపించింది. "ఇవి ఎవరి వడ్లు?"

"మా రెడ్డివే."

"ఓరి నీ! ఆయనకు చెప్పలేదా?"

"ఎప్పుడు చెప్పల్ల? ఫోన్ టంగుమంటానే తిట్లు. నన్నెవురన్నా అడిగినారా? నీ డబ్బాలో అన్నీ ఉండాయి గానీ, నేను మాట్లాడేదానికి ఒక బటనన్నా ఉందా?"

ఉంది! అదే నాకు చెంపదెబ్బ. ఆ యాప్‌లో డ్రైవర్ లాగిన్ ఉంది. బ్రేకు ఎందుకు వేశాడో డ్రైవర్ తన గొంతుతోనే చెప్పి, దాన్ని ఆ చుక్కకు జత చేయవచ్చు. ఎన్ని బండ్లకు బిగించానో లెక్కలేదు, ఒక్క డ్రైవర్‌కైనా అది ఇచ్చిన పాపాన పోలేదు. దుడ్లిచ్చేది ఓనర్లు కదా, ఏం కావాలని వాళ్లనే అడిగేవాణ్ని. దానియేలు ఫోన్‌లో అక్కడికక్కడే పెట్టిచ్చాను.

రెడ్డి మంచం పక్కన నిలబడి మ్యాపు చూపించాను. ఎప్పటిలాగే నా గొంతు పెరిగింది. ఈసారి ఆయన మెల్లగా చెప్పమనలేదు. గుంపుగా ఉన్న చుక్కల మీద వేలు పెట్టి, "ఈడ ఎవురివి?" అన్నాడు.

"మీవే రెడ్డీ."

ఆ చుక్కలను వేలితో లెక్కపెట్టాడు. "బాషా, వడ్ల మీద తొక్కిచ్చుకుంటా పోయింటే వీనికి ఎన్నొచ్చేటివి?"

"ఎనభైకి తగ్గేవి కావు."

ఆయన ఫోన్ బోర్లించి పక్కన పెట్టాడు. గుమ్మం దగ్గర నిలబడిన దానియేలును పిలిచాడు. "ఒరే, నేను అరుస్తాంటే నువ్వు కూడా అరవల్లరా. పదకొండేండ్లయింది, ఇంకా నాకు భయపడతాండావా?"

దానియేలు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఆగలేదు.

డ్రైవర్లకు ఏం కావాలో ఆ రోజు తెలిసింది. వాళ్లకు దాక్కోవాలని లేదు, తమ మాట కూడా ఆ డబ్బాలో ఎక్కాలని ఉంది. ఇప్పుడు ఏ బండికి బిగించినా లాగిన్ ముందు డ్రైవర్ చేతికే. మర్నాడు పొద్దున సుంకిరెడ్డి తన ఫోన్‌కొచ్చిన మొదటి గొంతును నాకూ పంపాడు. టంగుమన్న ఎర్రచుక్క కింద దానియేలు మాట:

"అయ్యా, నేనే. ముందర ముసలామె వడ్లు ఎత్తుకుంటాంది. అయ్యేదాకా నిలబడతా."