విప్పి చూడలేని తుపాకి

మరియదాసుకు తుపాకి పేల్చడం వచ్చు గానీ చీమనైనా చంపడం రాదు. నలభై ఏళ్లుగా ఆయన పని సినిమా హీరోల చేతికి తుపాకి అందించడం, అది పేలి పొగ వచ్చాక మళ్లీ లాక్కోవడం. బాపట్ల వైపు నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. ఒకదాంట్లో మనుషులు, ఒకదాంట్లో తుపాకులు. గట్టి తాళం ఏ గదికో చెప్పక్కర్లేదు.

అవి పాతకాలపు జంట గొట్టాల తుపాకులు. నడుం దగ్గర మడత ఉంటుంది. విరిచి కన్ను ఆనిస్తే గొట్టంలోంచి అవతలి వెలుగు కనపడాలి. కనపడిందా, ఖాళీ. అందులో గుండు లేని ఉత్త తూటా పెడతాడు. కాస్త మందు, దాని మీద ఓ అట్టబిళ్ల. ముప్పై ఏళ్ల కిందట ఆ అట్టబిళ్లే ఎగిరి ఒక ఫైటర్ దవడ చీల్చింది. అప్పటినుంచి, అడిగింది ఎంత పెద్ద హీరో అయినా సరే, గొట్టానికి ఆరడుగుల లోపు ఎవర్నీ నిలబడనిచ్చేవాడు కాదు. ఆ మోతలకు ఆయన ఎడం చెవి కూడా ఎప్పుడో పోయింది. తన తుపాకులు మంచివని దాసు ఏనాడూ అనలేదు. వాటి చెడు ఎంత దూరం పోతుందో తనకు తెలుసు అనేవాడు, అంతే.

ఇంకో ఆచారం కూడా ఉంది. షాటుకు ముందు నటుడి ఎదుటే తుపాకి విరిచి చూపించి, ఖాళీ గొట్టం తన అరచేతికే ఆనించి ఒకసారి మీట నొక్కేవాడు. తెచ్చినవాడి చెయ్యి ముందు, అవతలివాడి ఒళ్లు తర్వాత.

కూతురు తబిత మొగుడు నోయెల్‌కు ఇవన్నీ ముసలి చాదస్తాలు. బంగారం లాంటి కంప్యూటర్ ఉద్యోగం వదిలేసి బ్యాటరీ తుపాకులు తెచ్చాడు. నొక్కితే గొట్టం మూతి దగ్గర మెరుపు, పొగ, చెవులు పగిలే చప్పుడు. మందూ లేదు, తూటా లేదు. తలకు ఆనించి పేల్చినా ఏమీ కాదని చెప్పి ఫిలింనగర్‌లో ఒక పెద్ద సినిమా పట్టాడు. అక్కడే చిక్కొచ్చింది. తుపాకి చూశాను, మనిషి తలకు ఆనించవచ్చు అని ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు సంతకం చేస్తే తప్ప ఒప్పుకునేది లేదంది సినిమా కంపెనీ. నోయెల్ అనుభవం రెండేళ్లు. పొద్దున్నే తబిత ఫోన్ చేసి, ఈ సినిమా జారిపోతే ఆయన్ని ఇంకెవ్వరూ పిలవరు, ఒక్క సంతకమే కదా నాన్నా అంది. ఒక్క సంతకమే. ఉరితాడుకైనా ముడి ఒక్కటే.

సెట్లో హీరో ఎదుట మోకాళ్ల మీద కూర్చోవలసినవాడు పోచయ్య. దాసు పనిచేసే సినిమాల్లో ఇరవై ఏళ్లుగా హీరోల చేత దెబ్బలు తింటున్న ఫైటర్. ఆనించేది అతని కణతకే.

దాసు కొత్త తుపాకిని అటూ ఇటూ తిప్పి మడత కోసం వెతికాడు. లేదు. స్క్రూల మీద కాగితం సీలు అంటించి ఉంది. విప్పమన్నాడు.

"విప్పితే గ్యారంటీ పోతుంది మావయ్యగారూ. లోపల చూడ్డానికి ఏమీ ఉండదండీ."

"ఏమీ లేనిదానికి సీలెందుకయ్యా?"

నోయెల్ మొహం ముడుచుకున్నాడు. పోనీ ఆరడుగులు దూరం పెట్టండన్నాడు దాసు. మొహం, తుపాకి ఒకే ఫ్రేములో ఉండాలని డైరెక్టర్ కబురంపాడు. కాగితం చదవడానికి కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు దాసు. మేనేజర్ ఓంప్రకాష్ ఎంతో మర్యాదగా కాగితం మొత్తం పైకి చదివి వినిపించాడు, అదీ కుడి చెవి వైపు నిలబడి. దాసు బాత్‌రూమ్‌కని పోయి పావుగంట కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి కాగితం అక్కడే ఉంది, పెన్ను మూత తీసి ఉంది. అడకత్తెరలో పోకచెక్క ఎటు జరుగుతుంది?

పోచయ్య వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఏంది దాసన్నా గంత సోంచాయిస్తున్నవ్? నువ్వు మంచిగున్నదంటే సాలు. నాకేం ఫికర్ లేదు."

ఆ మాట సీలుకన్నా గట్టిగా పట్టుకుంది.

దాసు అరచెయ్యి చాపి, మూతికి ఆనించి, నొక్కమన్నాడు అల్లుణ్ణి. వెనకాడతాడనుకున్నాడు. నోయెల్ వెనకాడలేదు. మెరుపు, మోత, పొగ. చేతికి వెచ్చగానైనా తగల్లేదు. మళ్లీ నొక్కమన్నాడు. పదిసార్లు నొక్కించాడు. పదిసార్లూ అంతే. ఒక్కసారి కాలినా బాగుండునని లోపల ప్రార్థన చేస్తున్నట్టు పదోసారికి గాని ఆయనకు తెలియలేదు. సొంత కూతురి కాపురం చెడాలని దేవుణ్ణి అడిగినట్టే కదా అది. సిగ్గేసింది.

తుపాకి మంచిదే కావచ్చు. పదిసార్లు మంచిదే. పదకొండోసారి మాటేమిటి? తన తుపాకి అయితే విరిచి చూసుకునేవాడు. దీన్ని మాత్రం నమ్మాలి, లేకపోతే మానుకోవాలి. మానుకోవడానికి ఇప్పుడు సాకు కూడా మిగల్లేదు.

సంతకం పెట్టాడు.

హీరో ఆనించాడు, పేలింది, పోచయ్య కూలాడు. దాసు ఒకడుగు ముందుకేశాడు. పోచయ్య నవ్వుతూ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దాసు కొట్టబోయేంతలో డైరెక్టర్ ఇంకోటి అన్నాడు. తర్వాత ఇంకోటి.

మధ్యలో ఓంప్రకాష్ వచ్చి, ఈ షెడ్యూలు ఇరవై రెండు రోజులని, రోజూ పొద్దున్నే సంతకం కావాలని చెప్పాడు. ఇవాళ రుజువైంది కదా, రేపటినుంచి నోయెల్ పెడతాడన్నాడు దాసు.

"లేదు సార్. పేపర్లు మీ పేరు మీద పోయినయ్. ఇగ మారదు."

సెట్ గోడకు తగిలిద్దామని దాసు ఇంటి నుంచి తెప్పించిన పాత తుపాకులు ఎలాగూ అక్కర్లేదట. వాటిని ఆటోలో ఇంటికి పంపేశారు. దాసుకు ఒక కుర్చీ వేశారు.

ఏడో టేకుకు లైట్లు సర్దుతుండగా తబిత ఫోన్ చేసింది. సంతకం అయిపోయిందట కదా, బయల్దేరావా నాన్నా అని అడిగింది. పోచయ్య ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడమ్మా అని చెప్పి పెట్టేశాడు.