బర్రెలతో తొక్కించిన మొరం

వాన వస్తే చెరువు నిండుతుంది, వాగు పొంగుతుంది. నేల లేచి పక్కింటికి నడిచి వెళ్లడం ఎక్కడైనా విన్నారా? మా లాల్‌గడి మలక్‌పేటలో వెళ్లింది. ఆ నేల నాది. దాన్ని తయారు చేసిన ఘనత కూడా నాదే!

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. మా ఊరి చేన్లన్నీ ప్లాట్లవుతున్న రోజులు. మా బర్రె గౌరికి నెలలు నిండాయి. పాత కొట్టమేమో చెదలు తిని కూలిపోయింది. వానలు పడేలోపు రేకుల షెడ్డు వేయకపోతే గౌరి బురదలో ఈనాలి. ఉన్న చోటు ఒక్కటే, ఇంటి వెనక. అది చీమ కూడా జారిపడే వాలు. వాలు చివర మా తోటికోడలు అంజమ్మ వాకిలి.

ప్లాట్లకు రోడ్లు వేసేవాళ్లకు కుండెడు మజ్జిగ తాగించి, మిగిలిన ఎర్ర మొరం ట్రాక్టరుతో తెప్పించాను. దాన్ని చూసి మా ఆయన తల గోక్కున్నాడు.

"ముందుగాల ఎగువ దిక్కు తవ్వి మెట్టు లెక్క చెయ్యాలె. మీదికెల్లి వచ్చే నీళ్లకు కాలువ తియ్యాలె. దిగువకు రాళ్ల కట్ట కట్టాలె. గప్పుడు మొరం జరంత జరంత పోసుకుంట దిమ్మిస కొట్టాలె."

"రాళ్లెక్కడియి?"

"గా మూలకు కుప్ప ఉన్నది గదనే!"

"అవి దాసిపెట్టిన."

"దేనికి?"

"దాసిపెట్టిన. గంతే!"

దేనికో నాకూ తెలియదు. దాచినవాటిని వాడేస్తే ఇక దాచడం దేనికి, మీరే చెప్పండి!

రెండో తరగతితో బడి మానేసినదాన్ని. కూడికలు అంతంత మాత్రమే కానీ తీసివేతల్లో నన్ను మించినవాళ్లు మండలంలో లేరు. మెట్టు తీసేశాను. కాలువ తీసేశాను. కట్ట తీసేశాను. మొరం మిగిలింది. దాన్ని దిగువన ఎత్తుగా, ఎగువన పలచగా పోయించి పైన చదును చేయించాను.

"మరి దిమ్మిస ఎవలు కొడుతరు?" అన్నాడాయన.

"కూలోళ్లెందుకు? కల్లంల వడ్లు తొక్కినట్టు మన బర్లు తొక్కయా?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను తొక్కనేలేదు, తొక్కించాను! నిండు చూలాలు గౌరిని వదిలేసి, మిగతా బర్రెలను గుండ్రంగా తిప్పాను. నడిమధ్యలో బాగానే తొక్కాయి. అంచు దగ్గరికి మాత్రం ఒక్కటీ పోలేదు. వాటి తెలివి నాకెందుకు రాలేదో! ఆపైన పేడతో అలికి, ముగ్గు వేసి, నడుమ ఒక నిమ్మకాయ పెట్టాను.

"జూడు, దొర్లుతాందా?"

మా ఆయన వంగి చూశాడు. "దొర్లుతలేదు."

"మరి? మెట్టంటివి, కట్టంటివి!"

అంతలో కింద నుంచి అంజమ్మ కేక. "అక్కా! గీ అంచు చెయ్యి వెడితేనే రాలుతాంది!"

"నువ్వు చెయ్యెందుకు వెట్టినవు?"

"మా వాకిట్ల వడ్తదేమోనని..."

"పడితే నువ్వే ఉంచుకో, పో!"

ఆ మాట గుర్తుంచుకోండి. అంజమ్మ గుర్తుంచుకుంది.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచింది. ఎగువ నీళ్లు వచ్చి మొరం కిందికి దూరాయి. ముందు ముగ్గు మధ్యలో వెంట్రుకంత గీత. అది చూస్తుండగానే వేలంత అయింది.

"ఏందే గది, నడుస్తాంది!" అని అరిచాడు మా ఆయన.

"సూస్తవేంది, పట్టుకో!"

"ఏడ పట్టుకోవాలె? దానికేమన్న కొమ్ములున్నయా?"

అలుకు, ముగ్గు, మొరం అన్నీ ఊరేగింపులా దిగిపోయి అంజమ్మ వాకిట్లో పరుచుకున్నాయి. నిమ్మకాయ ఆ మొరం పైనే కూర్చుని ఉంది, పల్లకిలో పెళ్లికూతురిలా.

"నువ్వన్నది నిజమేనే," అన్నాడు మా ఆయన. "నిమ్మకాయ దొర్లలే."

నా చోట ఇక మిగిలింది బురద. గౌరి దాన్ని చూసింది, నన్ను చూసింది, గుంజ పెరుక్కుని దిగువకు నడిచింది. అంజమ్మ పంచలో, రేకుల నీడన పరుచుకున్న నా మొరం మీద నిలబడి దర్జాగా ఈనింది. పెయ్యదూడ! ఒంటికి మట్టి అంటలేదు. నా గుండె కుదుటపడింది. వెంటనే మొరం గుర్తొచ్చింది.

"అంజీ, నా మొరం!"

"పడితే నన్నే ఉంచుకొమ్మన్నవు గదక్కా! యాడాదికోసారి మా వాకిలి బురదగుంట అయితాంది. సల్లగుండు!"

మొరం ఒకరిది, మురిపెం ఒకరిది! గౌరి అక్కణ్నుంచి కదలనంది. దాంతో జున్ను కూడా అంజమ్మ పొయ్యి మీదే ఉడికింది. నా బర్రె జున్ను నాకే చిన్న గిన్నెలో వచ్చింది. గిన్నె ఉత్తగా తిరిగివ్వకూడదు కదా, పప్పు పెట్టనా, బెల్లం పెట్టనా అని నేను ఆలోచిస్తుంటే అంజమ్మ గుమ్మంలో నిలబడి అంది:

"గిన్నెల ఏం వద్దక్కా. గా మూలకున్న రాళ్లియ్యి. నా మొరం జారకుంట కట్ట కట్టుకుంట."

రాళ్లు ఎందుకు దాచానో ఆ రోజు తెలిసింది.

కనుక శామీర్‌పేట చెరువు సాక్షిగా, గౌరి దూడ తోక పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. వాలు మీద కట్ట లేకుండా పిడికెడు మొరం కూడా పోయను. ఎవరికీ కోపంలో దేన్నీ "ఉంచుకో" అనను. ఆ నిమ్మకాయను మాత్రం తిరిగి తెచ్చుకుని, కడిగి పులిహోరలో పిండాను. దాన్ని ఉంచుకొమ్మని నేను అనలేదు!