పూజలో పెట్టిన బ్యాటరీ

బాబాయి విమానం సముద్రంలో పడిందన్న కబురు నాకు ముందుగా చెప్పింది, గిలకలదిండి నుంచి తట్టతో చేపలు అమ్మడానికి వచ్చే, నేను అత్తా అని పిలిచే ఆవిడ.

"అమ్మాయ్, మీ బాబాయిగారి ఇమానం అలల అవతల మునిగిపోయిందే. మావోళ్లు పడవేసుకుని తిరిగారు, దొరకలా."

బాబాయికి గుడివాడలో మోటార్ల వైండింగ్ షాపు. ఆదివారాలు బందరు తీరాన రిమోట్ విమానాలు ఎగరేసేవాడు. నేను బడికి వెళ్లలేదు, ఇంట్లోనే చదువుకున్నాను. దశాంశాలు నేర్చుకున్నది ఆయన బ్యాటరీ మీటరు మీదే. బ్యాటరీలో మూడు సెల్స్, ఒక్కోదానికీ ఒక అంకె. నాలుగు పాయింట్ రెండు ఉంటే నిండినట్టు. నేను పైకి చదవాలి; ఏ ఒక్కటి తగ్గినా ఆయన ఎగరేసేవాడు కాదు.

ఆ దసరాకి దివిసీమ నుంచి నాయనమ్మ మా ఇంటికి వచ్చింది. కొడుకు చేసిన విమానం ఎగరగా ఆవిడ ఎన్నడూ చూడలేదు.

"సముద్రం దాకా నా మోకాళ్లు రావురా. మా గుమ్మం మీదుగా ఎగరేస్తే చూస్తా."

"దీపావళి వెళ్లగానే మీ ఊరే వస్తానమ్మా. నీ పెంకుల మీద కాకులన్నీ లేచిపోవాలి!"

"కాకుల సంగతి సరే, నా వడియాలు తొక్కేవు!"

ఆయుధపూజకి బ్యాటరీని కూడా అమ్మవారి ముందు పెట్టమంది. ఖాళీది పెడతారా, నిండుగా ఉండాలంది. పెట్టాక దీపావళి దాకా కదపొద్దంది. నిండా చార్జ్ చేసిన బ్యాటరీని వాడకుండా ఉంచితే లోపల దెబ్బతింటుందని, సగమే ఉంచాలని బాబాయికి తెలుసు. అయినా తల్లి మాట కాదనలేదు. అన్నాళ్లూ అది కుంకుమ బొట్టుతో, దీపం వేడి పక్కనే ఉంది.

దీపావళి అయ్యాక నాయనమ్మ ఊరికి వెళ్లింది. విమానం అక్కడికి తీసుకెళ్లే ముందు ఒకసారి ఎగరేసి చూసుకుందామని బాబాయి తీరానికి బయల్దేరాడు. మీటరు నేనే చదివాను. మూడూ నిండుగానే ఉన్నాయి. ఆ మీటరు నిండుదనం చూపుతుందే గానీ సత్తువ చూపదు. సముద్రం మీద మలుపు తిరిగేసరికి మోటారు లాగుడికి బ్యాటరీ చతికిలబడింది.

ఇంటికొచ్చి నాయనమ్మకి ఫోన్ చేశాడు. "గాలెక్కువైందమ్మా. ఇంకోటి చేస్తాగా!" ఫోన్ పెట్టేసి నాతో మెల్లగా అన్నాడు: "బ్యాటరీ సంగతి ఎప్పుడూ చెప్పకే. తన పూజ వల్లే అనుకుంటుంది."

రెండోదానికి రెక్కలు అతికించకముందే నాయనమ్మ పోయింది. ఆ విమానం బాబాయి పూర్తి చేయలేదు. ఆవిడ గుమ్మం మీద ఏ విమానమూ ఎగరలేదు.

ఇప్పుడు బాబాయీ లేడు. నాకు లెక్కలు నేర్పిన ఆ మనిషిని ఇచ్చినందుకు అమ్మవారికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. దసరాకి ఆయన మిగిల్చిన మరో బ్యాటరీని సగం చార్జ్‌తో పీఠం మీద పెడతాను. అమ్మవారికి సగం చాలు. మీరూ ఎప్పుడైనా బ్యాటరీని పూజలో పెడితే, సగం దగ్గర ఆపి, కన్నతల్లి నొచ్చుకుంటుందని నిజం మింగేసిన మా బాబాయిని ఒక్కసారి తలుచుకోండి.