భయానికి ఎన్ని మార్కులు?

ఆ రోజుల్లో వరదల గురించి నాకు తెలియని సంగతి ఉండేది కాదు, వరద ఎలా ఉంటుందన్న ఒక్కటి తప్ప. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు హాస్టల్ గదిలో కూర్చుని, గోదావరి ఒడ్డున బతికేవాళ్లు వరదకు ఎంత భయపడతారో పరిశోధన చేస్తుండేదాన్ని. (మా అమ్మ అడిగితే 'పర్యావరణ విధానం' అని గంభీరంగా చెప్పేదాన్ని. "అయితే ఉద్యోగం రాదన్నమాట" అనేది ఆమె.)

ఆ పని మీదే గోదావరిఖని దగ్గర ఒక బస్తీకి వెళ్లాను. ఒక పక్క నది, ఇంకో పక్క ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని. వరద భయానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయమని ఇంటింటికీ తిరిగాను. అందరూ చాయ్ పోసి, "మాకేం భయం లేదు మేడం, ఒకటి రాసుకోండ్రి" అన్నవాళ్లే. వారం తిరిగినా అదే ఒకటి. మా గైడ్ గారికి ఫోన్ చేస్తే, "అందరిదీ ఒకటే జవాబైతే అది పరిశోధన కాదమ్మా, హాజరు పట్టీ. శనివారంలోగా పని కాకపోతే టాపిక్ మార్చుకో" అన్నారు. రెండేళ్ల కష్టం గంగలో కలిసేలా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం ఒక అవ్వ ఇంట్లో కూర్చున్నాను. గనిలో పనిచేసే ఆమె కొడుకు నైట్ షిఫ్టు దిగి వచ్చి లోపల నిద్రపోతున్నాడు. నా ప్రశ్న వింటూనే అవ్వ లేచి, అరలోని స్టీలు గిన్నెలు ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టసాగింది. చూస్తే ఎదురింట్లోనూ అదే పని. అంతలో సైరన్ కూసింది. ఇంకేముంది! పైన బ్యారేజీ గేట్లు ఎత్తేశారు, బస్తీ అంతా సామాను సర్దుకుంటోంది! ఫారాల కట్టను గుండెకు హత్తుకుని, "అవ్వా, వరద! పరుగెత్తు!" అని అరుస్తూ, ఒక చెప్పు అక్కడే వదిలేసి, పక్కింటి మెట్లెక్కి డాబా మీద పడ్డాను. (ఎండ ఫెళ్లున కాస్తోందన్న సంగతి కూడా గమనించలేదు.) ఎక్కీ ఎక్కగానే పెద్ద చప్పుడైంది, కాళ్ల కింద డాబా అదిరింది. ఇక అంతా అయిపోయిందని కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి సగం బస్తీ కింద చేరి నన్నే చూస్తోంది. ఎవరి కాళ్లూ తడవలేదు.

"ఏమైంది బిడ్డా, గట్ల ఉరికినవ్?" అంది అవ్వ.

"వరద సైరన్..."

"వరదేంది! గనిల ఇయ్యాల మా దిక్కు బ్లాస్టింగు చేసిండ్రు. ఇల్లు అదిరి గిన్నెలు పడ్తయని ముందే దించుకుంటం. వరదొస్తే సామాన్లు మీదికెక్కిస్తరు గాని కిందికి దించుతరా? గింత చదువు చదివినవ్, గది తెల్వదా?"

దేవుడా! నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ ముక్క లేదు. నిద్ర చెడిన కొడుకు గడపలో నిలబడి, "నిమ్మలంగ దిగుండ్రి మేడం, గంగ ఇంక ఆడ్నే ఉన్నది" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు.

దిగాను. అవ్వ నా చెప్పు నాకిచ్చి, మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చుంది. "నీ కాయితంల నీ భయం ఎంత రాసుకున్నవ్?" అని అడిగింది.

"ఐదు" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

పకపకా నవ్వింది, తర్వాత గొంతు తగ్గించింది. "మరి నాది గూడ అయిదే రాయి బిడ్డా. వానకాలమొస్తే నాకు కంటికి నిద్రుండది. భయమని చెప్తె సర్కారోళ్లు ఇండ్లు ఖాళీ చెయ్యుమంటరని అందరం ఒకటే మాట అనుకున్నం. నువ్వు గసొంటిదానివి కావు. మాకంటె నీకే ఎక్కువ భయమాయె!"

ఎవరి పేరూ రాయనని ఒట్టేశాను. అవ్వ ఆ మాట బస్తీ అంతా చెప్పొచ్చింది. ఇక చూడండి, సాయంత్రం దాకా తీరిక లేదు. "మాది నాలుగు చెయ్యి అక్కా" అని ఒకరు, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో చూపిస్తూ ఇంకొకరు, వాళ్లంతట వాళ్లే వచ్చి పాత జవాబులు కొట్టేయించారు. బస్సెక్కి కూర్చున్నాక వారం నుంచి బిగబట్టిన ఊపిరి వదిలాను. హాయిగా నిద్రపోయి స్టాపు దాటి దిగాను కూడా.

మర్నాడు గైడ్ గారు ఫారాలు తిరగేసి, "ఇంత నిజం ఎలా చెప్పించావమ్మా?" అన్నారు. "పద్ధతి ప్రకారమే సార్" అన్నాను. ఆ బస్తీని ఖాళీ చేయించమని కాక, నీళ్లు రాకముందే వాళ్లకు చెప్పే ఏర్పాటు చేయమని థీసిస్‌లో రాశాను. 'స్థానికుల విశ్వాసం చూరగొన్న పిదప' అని కూడా ఒక ముక్క రాశాను. చూరగొన్న విధానం మాత్రం రాయలేదు.

ఇప్పుడు నా విద్యార్థులు జనం నమ్మకం ఎలా సంపాదించాలని అడిగితే, కళ్లద్దాలు సవరించుకుని పావుగంట ఉపన్యాసమిస్తాను. లోపల మాత్రం ఒంటి చెప్పుతో డాబా మీద వణికిన ఆ పిల్ల గుర్తొస్తుంది. సిగ్గేస్తుంది, ముద్దొస్తుంది. పేరు ముందు డాక్టరని నేను రాసుకుంటున్నాను గానీ, సంపాదించింది ఆ పిల్లే.