పసుపు మాత్రలు, నీలం మచ్చ

నా మొదటి కాన్పు బిడ్డ ముఖం నేను చూడలేదు. కాళ్లు మాత్రం చూశాను.

పందొమ్మిది వందల అరవైల మధ్యలో, నార్కట్‌పల్లి దగ్గర మా అత్తగారి ఊళ్లో జరిగిన సంగతి. మాది నేతపని ఇల్లు. మగ్గం గది పక్కనే నేను పురుడు పోసుకున్నాను. అంతదాకా నన్ను తిట్టీ బతిమాలీ నొప్పులు తీయించిన మంత్రసాని, బిడ్డ బయటపడగానే ఒక్క మాట లేకుండా పాత చీరముక్క లాగి తలమీది నుంచి కప్పేసింది. గుడ్డ చాలక కాళ్లు బయటికి వచ్చాయి. ముద్దొచ్చే కాళ్లు. ఆడపిల్లేనని, నుదుటి పైన తల ఏర్పడలేదని, కాసేపు ఊపిరి తీసి ఆగిపోయిందని తర్వాత చెప్పారు.

నాకసలే ముక్కు మీద కోపం. చూపిస్తారా లేదా అని అరిచాను. చూస్తే జడుసుకుంటావని అత్త అడ్డం నిలబడింది. పూడ్చడానికి తీసుకుపోతున్నప్పుడు ఆమె నా మంచం పక్కనుంచి వెళ్లింది. ఆమె చూపుడువేలు నీలంగా ఉంది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నూలుకు రంగు వెయ్యలేదు.

అదేమిటో మంత్రసానిని అడిగి తెలుసుకున్నాను. పుట్టిన బిడ్డ పోతే పూడ్చే ముందు ఒంటి మీద గుర్తు పెడతారట. మళ్లీ అదే కడుపున పుడితే ఆనవాలు పట్టొచ్చని. కొందరు మసి పెడతారు. మా ఇంట్లో రంగుకుండ ఉంది కాబట్టి అత్త బిడ్డ నడుము కింద నీలం అద్దింది.

ఆ తర్వాత నేను పాలిపోయాను. కండెకు నూలు చుట్టబోతే కళ్లు తిరిగేవి. మా ఆయన బస్సెక్కించి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ నా కంటి రెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో నెత్తురే లేదంది. చిన్న చిన్న పసుపు మాత్రలిచ్చి, రోజూ వేసుకో, నెల తప్పినా మానొద్దు, ఆకుకూరలు తిను అని చెప్పింది. అలాంటి బిడ్డ ఎందుకు పుట్టిందని అడిగితే, తనకూ తెలియదంది.

మాత్రల డబ్బా అత్త తన దగ్గరే పెట్టుకుంది. పొద్దున్నే ఒకటి నా అరచేతిలో పెట్టి, మింగేదాకా కదిలేది కాదు. కోడలి మీద ఇంత ప్రేమ ఎప్పుడు పొంగిందబ్బా అనుకున్నాను. నెల తప్పాక గానీ అవి ఎవరి కోసమో తెలియలేదు. నేను మింగగానే ఆమె నా పొట్ట మీద చెయ్యి వేసి, లోపలున్న మనిషితో మాట్లాడినట్టు మెల్లగా అనేది.

"ఈసారి తల తెచ్చుకో బిడ్డా."

భయంతో చచ్చిపోయేదాన్ని. కడుపులో బిడ్డ తన్నితే తల్లులు మురిసిపోతారంటారు. నాకు చీరముక్క కింది కాళ్లే గుర్తొచ్చేవి. అదే మళ్లీ వచ్చిందా? తల లేకుండానే వస్తుందా? మా ఆయనతో మొత్తుకుంటే, ముసలిదాని చాదస్తం పట్టించుకోకు, మాత్ర మాత్రం మింగు అనేవాడు. ఒకరోజు మింగకుండా నాలుక కింద దాచాను. అత్త నా దవడలు గట్టిగా పట్టుకుంది.

"మింగు. అది అడుగుతాంది."

మింగేశాను.

రెండో కాన్పుకూ ఆ మంత్రసానే వచ్చింది. బిడ్డ బయటపడ్డాక మళ్లీ మాట్లాడలేదు. అంతలో ఏడుపు వినపడింది. అత్త బిడ్డను అందుకుని, నుదుటి నుంచి మెడదాకా అరచేత్తో నిమిరింది. మళ్లీ నిమిరింది. అప్పుడు బోర్లా తిప్పి చూసి, నాకూ చూపించింది. నడుము కింద నీలం మచ్చ.

"తెచ్చుకున్నది," అంది.

పిల్లను నల్లగొండ తీసుకుపోయి చూపిస్తే, అలాంటి మచ్చలు చాలామంది పిల్లలకు పుట్టుకతోనే ఉంటాయి, పెరిగేకొద్దీ పోతాయి అని డాక్టరమ్మ నవ్వింది. ఆ పిల్లే పెద్దదై, పెళ్లై, బిడ్డను కనాలనుకున్నప్పుడు దాని వెంట నేనూ ఆసుపత్రికి వెళ్లాను. కడుపు రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకోవాలట. బిడ్డ తల, వెన్ను తల్లికి నెల తప్పిన సంగతి తెలిసేలోపే ఏర్పడతాయట. చేతిలో పెట్టినవి చూస్తే అవే పసుపు మాత్రలు. నాకు నెత్తురు కోసమని ఇచ్చినవి. వాటివల్లే నా పిల్ల నిండుగా పుట్టిందో, ఊరికే అయినా అలాగే పుట్టేదో ఎవరు చెప్పగలరు? అత్త లేకపోతే మాత్రం నేను వాటిని ఏనాడో పెంట మీద పారేసేదాన్ని.

నా పిల్ల ఇంకా పసిదిగా ఉన్నప్పుడే, నల్లగొండ డాక్టరమ్మ చెప్పినట్టు మచ్చ పలచబడుతూ వచ్చింది. సంతోషించాల్సింది పోయి, నీళ్లు పోసినప్పుడల్లా దాన్నే వెతికేదాన్ని. ఒకరోజు ఎంత చూసినా కనపడలేదు. అత్తది చాదస్తమని అందరికంటే ఎక్కువ అన్నది నేనే. అయినా ఆ రోజు, ముఖమైనా చూడని నా పెద్దబిడ్డ మళ్లీ వెళ్లిపోయినట్టే అనిపించింది. ఇంట్లో ఎవరూ లేరనుకుని రంగుకుండలో వేలు ముంచాను. పిల్లను ఒళ్లో బోర్లా వేసుకున్నాను.

వెనక గడప దగ్గర నుంచి అత్త గొంతు వినిపించింది.

"జర కిందికి, పిల్లా. నేను పెట్టింది గాడ."