హాబీల దగ్గర సురేందర్ రాయించిన లైను

రెజ్యూమేలో హాబీల లైను ఎవడూ చదవడని ఇరవై రెండేళ్ళుగా నా నమ్మకం. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో నాది డీటీపీ, జిరాక్స్ షాపు. నా పేరు వరప్రసాద్. వచ్చినవాళ్ళని పేరు, చదువు, తండ్రి పేరు అడిగి టైపు చేస్తాను, హాబీలు మాత్రం అడగను. ‘చెస్, పుస్తకాలు చదవడం’ అని కంప్యూటర్లో ముందే ఉంటుంది. అలా నా చేతిమీదుగా ఈ ఊళ్ళో కొన్ని వేలమంది చెస్ ఆటగాళ్ళు తయారయ్యారు.

ఆ లైను మార్చమని నాతో గొడవపడ్డవాడు సురేందర్ ఒక్కడే.

వాడు పక్క సందులో ఫోన్లు బాగుచేస్తాడు. ఇరవై ఆరేళ్ళు. ముందు కొట్టి తర్వాత మాట్లాడే రకం. ఫోన్ అద్దం పగిలిందని తన అమ్మను తిట్టిన గిరాకీకి రెండు పళ్ళు రాలగొట్టాడు. పార్కింగ్ దగ్గర ఒకణ్ణి కిందపడేసి హెల్మెట్‌తో బాదుతుంటే నేనే వెళ్ళి లాగాను, నా మోచేతికీ ఒకటి తగిలింది. “ఏం రోగంరా నీకు?” అంటే, “తెల్వది సార్, చెయ్యి లేస్తది” అన్నాడు.

ఎందుకు లేస్తుందో సందులో అందరికీ తెలుసు. వాడి నాన్న సాయన్న నాంపల్లి స్టేషన్ ముందు జామకాయల బండి పెట్టేవాడు. సురేందర్‌కి పన్నెండేళ్ళప్పుడు, బండి నిలిపే చోటు కోసం నలుగురు వచ్చి పట్టపగలు సాయన్నను ఇనప పైపులతో కొట్టారు. తూకం రాయి తీసుకుని మొహం మీద కొట్టారు. కుడికన్ను పోయింది. ఎడమచెయ్యి వంకరగా అతుక్కుంది. జనం నిలబడి చూశారు. ఆ తర్వాత సాయన్న అక్కడే ఒక లాడ్జి గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. ఆ రోజు గురించి ఇంట్లోగానీ బయటగానీ ఒక్క మాట మాట్లాడి ఎరగడు.

ఉద్యోగానికి రెజ్యూమే కావాలని వచ్చాడు, నేను టైపు చేస్తూ ఉండగా అన్నాడు. “హాబీల కాడ మోడింగ్ అని రాయుండ్రి సార్.”

కంపెనీవాళ్ళు అమ్మిన వీడియో గేమ్ లోపలి ఫైళ్ళు విప్పి, అందులోని మనుషుల్నీ వీధుల్నీ మనకి కావలసినట్టు మార్చుకోవడమట మోడింగ్ అంటే. ఆరేళ్ళుగా వాడికి అదే లోకం.

“గేములాడతానని రాసుకుంటే ఉద్యోగం ఎవడిస్తాడ్రా? బుద్ధుందా?”

“ఆడుడు కాదు సార్. చేసుడు.”

సరేనన్నాను. వాడు టీ తాగడానికి వెళ్ళగానే నా పాత లైనే ఉంచి పంపేశాను. వాడి మంచికేననుకున్నాను. బేగంపేటలో ఒక కంపెనీలో ఇంటర్వ్యూ అయింది. చెస్ గురించి నాలుగు ప్రశ్నలు అడిగి, ఒక్కదానికీ జవాబు రాకపోయేసరికి, అబద్ధాలకోరని బయటికి పంపేశారట.

ఆ మధ్యాహ్నమే షాపుకొచ్చి నా కాలర్ పట్టుకున్నాడు. ఈడ్చి జిరాక్స్ మిషనుకేసి అదిమాడు.

“నా బతుకుల నేను నేర్చుకున్నది గదొక్కటే సార్! దాన్ని తీసేసి చెస్సు వెడ్తవా?”

పిడికిలి నా మొహం పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది. మళ్ళీ తగిలింది. గోడ మీద నెత్తురు మరకలు పడ్డాయి. నాకు సిగ్గేసింది. కాలర్ సర్దుకుని కూర్చుని, వాడు చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను.

మూడు వారాలకి మాదాపూర్‌లో గేములు తయారుచేసే కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఇంటర్వ్యూ వీడియోలో. వాడి గదిలో నెట్ సరిగా రాదని నా షాపులోనే పెట్టించాను. చేసిన వెధవ పనికి ఆపాటి చెయ్యాలిగా. షట్టర్ సగం దించి మూల కూర్చున్నాను.

అవతల మేఘన అనే అమ్మాయి. “హాబీ మోడింగ్ అని రాశారు. చూపించండి” అంది.

తెర మీద నాంపల్లి స్టేషన్ రోడ్డు వచ్చింది. ఆటోలు, టీ బండి, ఎండ, మూల జామకాయల బండి దగ్గర ఒక ముసలాయన. నలుగురు మనుషులు నిలబడి ఉన్నారు. సురేందర్ ఆడించే బొమ్మ పైపు పట్టుకుని వాళ్ళ మీదికి వెళ్ళింది. మొదటివాడి మోకాలు పటుక్కున విరిగింది. రెండోవాడి తల బండి చక్రానికేసి కొడితే పుచ్చకాయలా పగిలింది. మూడోవాడు పాక్కుంటూ పోతుంటే జుట్టు పట్టి వెనక్కి లాగింది. నాలుగోవాడు చేతులు జోడించాడు. వాడి మెడ మీద కాలుపెట్టి తొక్కింది. నేను మొహం తిప్పుకున్నాను.

“దెబ్బకి ఒళ్ళు ఎలా కదులుతుందో చాలా బాగా చేశారు” అంది మేఘన. “ఆ మూల బండి దగ్గర ముసలాయన్ని కూడా కొట్టండి.”

వాడి వేళ్ళు ఆగిపోయాయి. ఆమె మళ్ళీ అడిగితే నొక్కాడు. పైపు ఆ ముసలాయన ఒంట్లోంచి గాల్లోంచి వెళ్ళినట్టు వెళ్ళిపోయింది. ఆయన నిలబడే ఉన్నాడు.

“ఇదేంటి, బగ్గా?”

“కాదు మేడం. నేనే గట్ల వెట్టిన. ఆయనకు దెబ్బ తాకది.”

“మా గేముల్లో అలా ఉండదు సురేందర్. కొడితే ఎవరైనా పడాలి. ఆయన పడేలా చేసి ఆరింటిలోపు ఫైల్ పంపండి. అదే మీ టెస్ట్. మిగతా అంతా నచ్చింది నాకు.”

కాల్ అయిపోయింది. అప్పుడు ఒంటిగంట. మూడయినా వాడు కీబోర్డు ముట్టుకోలేదు. చూసి చూసి అరిచాను, “అది బొమ్మరా! ఉద్యోగం నోటిదాకా వచ్చింది!”

“ఒక్క అంకె మారిస్తే అయిపోతది సార్.” అన్నాడు వాడు. “గని బాపు ఎట్ల పడ్డడో నాకు తెల్వది. ఆ దినం బాపు ఎనక దాక్కొని కండ్లు మూసుకున్న. సప్పుడు ఇన్న. సూడలే.”

నాకు ఇంకేం తోచలేదు. సాయన్నకి ఫోన్ చేశాను. నాంపల్లి నుంచి నడిచి వచ్చాడు. ఉన్నదంతా చెప్పి, తెర చూపించాను. ఆ నలుగురూ చావడం ఒంటికన్నుతో చివరిదాకా చూశాడు.

“ఎన్నిసార్లు సంపినవ్ బిడ్డా?”

“లెక్కలేదు బాపూ.”

“సాలు ఇగ. నన్ను కొట్టు.”

సురేందర్ అంకె మార్చాడు. పైపు తగిలింది. ముసలాయన బొమ్మ వెల్లకిలా పడిపోయింది. సురేందర్ కేకపెట్టి లేచి, కుర్చీని గోడకేసి కొట్టాడు. కుర్చీ కాళ్ళు విరిగిపోయాయి. తన చెయ్యి తనే నెత్తురొచ్చేలా కొరుక్కున్నాడు. సాయన్న ఆ చేతిని నోట్లోంచి లాగి పట్టుకున్నాడు.

“నేను గట్ల పడలే బిడ్డా. ఎనకకు పడితే నీ మీద పడేటోన్ని గదా. నా అంగి వట్టుకొని ఉంటివి. అందుకే దెబ్బలకు ఎదురే వంగిన.”

చెప్పులు విప్పాడు. నా స్టూలు పక్కకి జరిపి షాపు మధ్యలో నిలబడ్డాడు. వంకర చేతిని వెనక్కి పెట్టాడు, అక్కడ పిల్లవాడు ఉన్నట్టే. “ఫోన్ తీసి వీడియో పట్టు. నీ బొమ్మను గిట్లనే పడనియ్. ఈసారి కండ్లు మూయకు.”

ఒక మోకాలు నేలకి తగిలింది. తర్వాత రెండోది. అక్కడ కాసేపు ఊగి, చెయ్యి వెనకే ఉంచి, ముందుకి పడ్డాడు. నుదురు నేల బండకి తగిలిన చప్పుడు నాకు వినపడింది. ఏడుపు ఆపుకోలేక నేను కౌంటర్ పట్టుకున్నాను.

సురేందర్ కళ్ళు మూసుకోలేదు. నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నా ఫోన్ దించలేదు.

“సరిగ్గ వచ్చిందా?” నేల మీద నుంచే అడిగాడు సాయన్న.

“ఇంకొక్కపారి బాపూ,” అన్నాడు వాడు. “పక్కకెల్లి తీస్త.”

సాయన్న లేచి నిలబడ్డాడు.