లేపాల్సిన వేళ

ఇరవై ఏళ్లుగా ఒక మనిషి నిద్ర నా గుండెల మీద బరువుగా ఉంది. నా నిద్ర కాదు, అతనిది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

ఆ ఏడు కర్నూలు నుంచి కడపకు నాలుగు రోజుల సైకిలు పందెం పెట్టారు. రోజుకొక మజిలీ. బనగానపల్లె, ప్రొద్దుటూరు, బద్వేలు, చివరికి కడప. నాలుగు రోజులూ కలిపి ఎవరు తక్కువ సమయంలో చేరితే వాళ్లకు కొత్త సైకిలు. నాకు సైకిలు అక్కర్లేదు. బద్వేల్లో మాది బట్టల అంగడి, నాన్న అడగ్గానే కొనిచ్చాడు. నాకు కావలసింది పేరు. మా వీధిలోకి అందరికంటే ముందు రావాలి. నాతోపాటు పందెంలో దిగిన దేవదానం మాత్రం చర్చి అయ్యగారి సైకిలు అడిగి తెచ్చుకున్నాడు. మిషన్ బడిలో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లం. సొంత సైకిలుంటే నాలుగూళ్ల బడులకు పంతులుగా వేస్తామని అతనికి మాటిచ్చారు. లేకపోతే నాపరాళ్ల గనిలో తండ్రి పక్కన సమ్మెట పట్టాల్సిందే. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను.

మూడో రోజు మైదుకూరు దాటేసరికి ముందున్నది మేమిద్దరమే. అప్పటిదాకా కలిపిన సమయం లెక్కలో అతనిదే పైచేయి. మిట్టమధ్యాహ్నం. కంకర రోడ్డు మీద ఎండ నీళ్లలా కదులుతోంది. ఎదురుగా ఒక ఎద్దులబండి, ఎంత తొక్కినా దగ్గరకు రాదు, దాని గంటలు మాత్రం నా చెవి పక్కనే మోగుతున్నాయి. కళ్లు తెరుచుకునే కలగంటున్నానా? రోడ్డుకు ఎడంగా ఉన్న చింతచెట్టు కింద ఆగాం. వంతులవారీగా కాసేపు పడుకుని, ఒకరినొకరు లేపుకుందామనుకున్నాం. ముందు నేను పడుకున్నాను. తడి తువ్వాలు నా ముఖానికి అద్ది లేపాడు. తర్వాత అతను పడుకున్నాడు.

చింతాకు నీడ అతని ముఖం మీద ఆడుతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. లేపాల్సిన వేళ అయింది, దాటింది. నేనెప్పుడు లేచానో, రోడ్డు దాకా ఎప్పుడు నడిచానో, అంతా మరెవరో చేస్తుంటే చూస్తున్నట్టే ఉంది. కానీ చక్రం రాళ్ల మీద చప్పుడు చేయకుండా సైకిలు ఎత్తి పట్టుకుని నడిచాను. కలలో ఉన్నవాడికి అంత జాగ్రత్త ఎందుకు? ఇద్దరికీ ఒకటే గాలిపంపు ఉంటే దాన్ని అతని తల దగ్గర పెట్టి వచ్చాను. అది మంచితనమని దారి పొడవునా నాకు నేనే చెప్పుకున్నాను.

అతను పొద్దుగూకే వేళకు బద్వేలు చేరాడు. నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"నన్ను లేపినావా అప్పా?"

"లేపినా. శానాసేపు లేపినా. నువ్వే లెయ్యలేదు."

"అయింటాది. పండుకుంటే నాకు ఒళ్లు తెలీదు. నా కోసరం నీకూ ఆలస్యమయింటాది. ఏమనుకోవద్దప్పా."

వదిలేసి రావడాన్ని దురాశ అనుకుని సర్దిచెప్పుకోవచ్చునేమో. ఆ మాటను ఏమనుకోవాలి? అడిగినవాడి కళ్లలోకి చూసి చెప్పానే, ఏ మాత్రం తడబడకుండా?

కడపలో సైకిలు నాకిచ్చారు. గుంపులో నిలబడి అతనూ చప్పట్లు కొట్టాడు. తర్వాత గనికి పోయాడు.

ఏటా క్రిస్మస్‌కు ఊరొచ్చినప్పుడు బట్టలకు మా అంగడికే వస్తాడు. రాతి దుమ్ముకు దగ్గు పట్టుకుంది. పోయినసారి కూతురిని వెంటబెట్టుకొచ్చాడు. ఈ అప్ప ఎంత లేపినా తాను లేవలేదని, తన బతుకును తన మొద్దునిద్రే చెడగొట్టిందని ఆ పిల్లకు నవ్వుతూ చెప్పాడు. అప్పటి నుంచి పగలు కన్ను మూయడట. నేను గుడ్డ కొలుస్తూ ఉండిపోయాను. నిజం చెబితే అతను కోప్పడతాడని కాదు, మళ్లీ నన్నే ఓదారుస్తాడని భయమేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అతని నిద్రలో ఏ తప్పూ లేదు. పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే లేచేవాడు. నేను పిలవలేదు. ఇది దేవదానానికి చెప్పాల్సిన మాట. మీకు చెప్పి ఊపిరి పీల్చుకుంటున్నాను.